రాగి రేకు మీద శిల్పం
(ఇంట్లో ముద్రిత వలయ ఫలకం తయారుచేద్దాం)

పిల్లలూ! నంద్యాల నుండి కడప పోయే రోడ్డు మీద సుమారు 40 కిలోమీటర్లు ప్రయాణిస్తే ఆళ్లగడ్డ వస్తుంది. బస్సు ఊరు చేరేసరికి టక్ టక్ మని ఉలి శబ్దం మీ చెవిన పడుతుంది. రోడ్డు పక్కన శిల్పుల పనిశాలలు కనిపిస్తాయి. సగం చెక్కిన నంది ఒకచోట, ముఖం మాత్రమే తేలిన అమ్మవారు మరొకచోట నిలబడి ఉంటారు. ఆళ్లగడ్డ శిల్పులు చెక్కిన దేవతా విగ్రహాలు మన రాష్ట్రంలోనే కాక బయట కూడా ఎన్నో గుడులకు చేరాయి.

ఒక్క నిమిషం ఆగి, శిల్పి చేస్తున్న పనిని గమనించండి. కుమ్మరి మట్టిని పోగుచేసి కుండ చేస్తాడు. తాపీమేస్త్రీ ఇటుక మీద ఇటుక పేర్చి గోడ కడతాడు. శిల్పి పద్ధతి దీనికి పూర్తిగా వ్యతిరేకం. అతను రాతికి ఏమీ చేర్చడు. రాతిమీద గీతలు గీసుకొని, అక్కరలేని రాయిని తొలగిస్తాడు. మిగిలినదే విగ్రహం.

ఇప్పుడు ఇంట్లో పాడైపోయిన రేడియో ఏదైనా ఉంటే, పెద్దల అనుమతి తీసుకొని, కరెంటు తీగ పీకి పక్కన పెట్టి, బాటరీలు తీసివేసి దాని వెనుక మూత విప్పి చూడండి. లోపల ఆకుపచ్చగానో గోధుమరంగులోనో ఒక పలక ఉంటుంది. దాని ఒకవైపు రంగురంగుల చిన్న భాగాలు నిలబడి ఉంటాయి. రెండవవైపు రాగి దారులు కాలువల పటంలాగా అల్లుకొని ఉంటాయి. దీన్నే ముద్రిత వలయ ఫలకం అంటారు. దుకాణాలలో పి.సి.బి. అని అడిగితే చాలు, అందరికీ తెలుస్తుంది. ఆ రాగి దారులు ఎలా వచ్చాయనుకుంటున్నారు? వాటిని ఎవరూ అతికించలేదు. మొదట పలకంతా రాగి రేకే ఉండేది. అక్కరలేని రాగిని తొలగిస్తే, మిగిలినవే ఆ దారులు. ఆళ్లగడ్డ శిల్పి ఉలితో చేసే పనిని ఇక్కడ ఒక రసాయన ద్రావణం చేస్తుంది. ఈ నెల మనం ఆ శిల్పం చెక్కుదాం.

ఈ ఫలకం ఎందుకు వచ్చింది?

పూర్వం వాల్వు రేడియోలలో ఒక భాగం నుండి మరొక భాగానికి తీగలు వేసి, ప్రతి తీగనూ చేత్తో అతికేవారు. రేడియో తిరగవేసి చూస్తే పిచ్చుక గూడులాగా ఉండేది. ఒక్క తీగ తప్పుచోట అతికితే రేడియో పలికేది కాదు. ఆ తప్పు ఎక్కడుందో వెతకడానికి పూట గడిచిపోయేది.

ఈ చిక్కును విడదీసిన వారిలో ముఖ్యుడు పాల్ ఐస్లర్. ఆయన 1907లో ఆస్ట్రియా దేశంలోని వియన్నాలో జన్మించాడు. ఇంజనీరింగు చదివి, అచ్చుపని కూడా తెలుసుకున్నాడు. 1936లో లండనుకు చేరి, అక్కడ ఒక అద్దె గదిలో ఉంటూ ముద్రిత వలయంతో పనిచేసే రేడియోను తయారుచేశాడు. పుస్తకంలో బొమ్మలను ఒక్క అచ్చుతో వేల ప్రతులు తీసినట్లు, విద్యుత్ దారులను కూడా ఎందుకు అచ్చు వేయకూడదు అన్నదే ఆయన ఆలోచన. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో విమానాలను కూల్చే గుండ్ల ఫ్యూజులలో ముద్రిత వలయాలను వాడారు. 1948 తరువాత ఈ విద్య సామాన్య వస్తువుల తయారీకి కూడా అందింది. మన హైదరాబాదులో 1967లో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా సంస్థ ఏర్పడింది. దానికి నాయకత్వం వహించినవాడు పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టిన అయ్యగారి సాంబశివరావు. ఓట్ల యంత్రాలను తయారుచేసే రెండు సంస్థలలో ఇది ఒకటి. మీ అమ్మానాన్నలు ఓటు వేసినప్పుడు నొక్కే మీట వెనుక కూడా ఇలాంటి ఫలకమే ఉంటుంది.

ఈనాడు నమూనా పంపితే ఫలకాన్ని యంత్రంతో చేసి ఇంటికి పంపే సంస్థలు ఉన్నాయి. మరి మనం చేత్తో చేయడం దేనికి? సైకిలు నడపడం ఒకటి, సైకిలు విప్పి బిగించడం మరొకటి. రెండోది తెలిసినవాడు దారి మధ్యలో గొలుసు ఊడినా భయపడడు.

మనం ఏమి చేయబోతున్నాం?

మన సీమలో నీటి విలువ చెప్పనక్కర లేదు. అయినా చాలా ఇళ్లలో మిద్దెమీది ట్యాంకు నిండి, నీళ్లు సందులో పారేదాకా మోటారు ఆపరు. నిమిషానికి 30 లీటర్లు తోడే మోటారు అనుకోండి. పది నిమిషాలు మరచిపోతే 300 లీటర్లు వృథా. 15 లీటర్ల బిందె లెక్కన 20 బిందెలు! ట్యాంకు నిండగానే కూతపెట్టే ఒక చిన్న వలయాన్ని తయారుచేద్దాం.

కావలసిన వస్తువులు:

1. 5 సెంటీమీటర్ల పొడవు, 4 సెంటీమీటర్ల వెడల్పు గల రాగి పూత పలక. కాపర్ క్లాడ్ బోర్డు అని అడగండి. గోధుమరంగు కాగితపు రకం తీసుకోండి. గాజునార రకం కోసేటప్పుడు వచ్చే పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు.
2. బి.సి. 547 ట్రాన్సిస్టరు ఒకటి.
3. రెసిస్టర్లు: 1 కిలో ఓము ఒకటి, 100 కిలో ఓములు ఒకటి.
4. 9 వోల్టుల బజరు, 9 వోల్టుల బాటరీ, దాని క్లిప్పు.
5. చెరిగిపోని మార్కరు పెన్ను.
6. ఫెర్రిక్ క్లోరైడు 40 గ్రాములు.
7. ప్లాస్టిక్ తొట్టె, ప్లాస్టిక్ పట్టుకారు, రబ్బరు చేతి తొడుగులు, కళ్లద్దాలు.
8. టంకం పెట్టే సోల్డరింగ్ ఐరన్, టంకపు తీగ, 1 మిల్లీమీటరు రంధ్రం చేసే చేతి డ్రిల్లు.
9. నీటిలో వేలాడదీయడానికి తుప్పు పట్టని స్టీలు కడ్డీలు రెండు.

వలయం ఎలా పనిచేస్తుంది?

ట్రాన్సిస్టరుకు మూడు కాళ్లు: కలెక్టరు, బేసు, ఎమిటరు. బేసులోకి కొద్దిపాటి కరెంటు పంపితే, కలెక్టరు నుండి ఎమిటరుకు దానికి ఎన్నో రెట్ల కరెంటు ప్రవహిస్తుంది. పంట కాలువ తూము దగ్గర చేత్తో చిన్న చక్రం తిప్పితే కాలువ నిండా నీరు పారినట్లే ఇదీను.

ట్యాంకులో నీరు రెండు కడ్డీలనూ తాకగానే, నీటిలో కరిగిన లవణాల వల్ల వాటి మధ్య కొద్దిగా కరెంటు పారుతుంది. ఉదాహరణకు, నీటి నిరోధం 20 కిలో ఓములు, మన రెసిస్టరు 1 కిలో ఓము, మొత్తం 21 కిలో ఓములు. బేసు దగ్గర 0.7 వోల్టు పోగా 8.3 వోల్టులు మిగులుతాయి. ఓమ్ సూత్రం ప్రకారం కరెంటు సుమారు 0.4 మిల్లీ ఆంపియరు. ఇంత కొద్ది కరెంటుతో బజరు మోగదు. కాని ట్రాన్సిస్టరు దాన్ని వంద రెట్లకు పైగా పెంచగలదు కనుక బజరుకు కావలసినంత కరెంటు అందుతుంది. 100 కిలో ఓముల రెసిస్టరు పని, నీరు తాకనప్పుడు బేసును నిశ్చలంగా ఉంచి దొంగ కూతలు రాకుండా చూడడం.

ఐదు దీవుల పటం

ఇక పటం గీద్దాం. ముందు వలయంలో ఎన్ని కూడళ్లు ఉన్నాయో లెక్కపెట్టాలి. తీగ తోనే కలిసి ఉన్న చోట్లన్నీ ఒకే కూడలి. మన వలయంలో ఐదు కూడళ్లు:

మొదటిది: బాటరీ ధన ధ్రువం, బజరు ధన తీగ, ఒక కడ్డీ.
రెండవది: బజరు రుణ తీగ, కలెక్టరు.
మూడవది: బేసు, రెండు రెసిస్టర్ల చెరొక కొస.
నాలుగవది: 1 కిలో ఓము రెసిస్టరు రెండవ కొస, రెండవ కడ్డీ.
ఐదవది: ఎమిటరు, 100 కిలో ఓముల రెసిస్టరు రెండవ కొస, బాటరీ రుణ ధ్రువం.

ఐదు కూడళ్లంటే రాగి మీద ఐదు దీవులు. దీవికీ దీవికీ మధ్య 2 మిల్లీమీటర్ల ఖాళీ ఉంటే చాలు. పలకను రాగివైపు నుండి చూస్తూ, ఎడమ నుండి కుడికి నాలుగు నిలువు పట్టీలుగా విభజించండి. మొదటి పట్టీ ఒకటో దీవి, రెండవ పట్టీ రెండో దీవి, నాలుగవ పట్టీ ఐదో దీవి. మూడవ పట్టీని సన్నగా, 6 మిల్లీమీటర్ల వెడల్పున ఉంచి, మధ్యలో అడ్డంగా ఖాళీ వదలండి. పైముక్క మూడో దీవి, కింది ముక్క నాలుగో దీవి. ఇలా చేస్తే కలెక్టరు, బేసు, ఎమిటరు కాళ్లు పక్కపక్కన ఉన్న దీవులలో వరుసగా దిగుతాయి.

ఇక్కడే అసలైన మెలిక ఉంది. మా బడిలో తొమ్మిదవ తరగతి పిల్లలు మొదటిసారి ఈ ఫలకం చేసినప్పుడు అంతా సవ్యంగా ఉన్నట్లే కనబడింది. టంకం మెరుస్తున్నది. బాటరీ కొత్తది. కడ్డీలను గ్లాసు నీళ్లలో ముంచితే బజరు సన్నగా మూలిగి ఊరుకున్నది. అరగంట వెతికాం. బాటరీ మార్చాం, నీళ్లలో ఉప్పు వేశాం. చివరకు ఒక అమ్మాయి, “సార్, ఆఫీసు గదిలో రబ్బరు స్టాంపు మీద అక్షరాలు తలకిందులుగా ఉంటాయి కదా, మనం కూడా అలాగే గీయాలేమో” అన్నది. అదే తప్పు! భాగాలను పలకకు ఒకవైపు పెడతాం, రాగి రెండవవైపు ఉంటుంది. ఒకవైపు నుండి కుడి అయినది, రెండవవైపు నుండి చూస్తే ఎడమ అవుతుంది. మేము పైనుండి చూసి గీసిన పటాన్ని తిప్పకుండా రాగివైపు వేశాం. దానితో కలెక్టరు చోట ఎమిటరు, ఎమిటరు చోట కలెక్టరు దిగాయి. అలా తిరగబడిన ట్రాన్సిస్టరు కరెంటును పెద్దగా పెంచలేదు.

ఆ రోజు మాకు అదృష్టం కలిసివచ్చింది. బేసు మధ్యలో ఉంటుంది కనుక, ట్రాన్సిస్టరును ఊడదీసి సగం చుట్టు తిప్పి పెడితే సరిపోయింది. రెసిస్టర్లకు కుడి ఎడమల తేడా లేదు. కాని ఎనిమిది కాళ్ల ఐ.సి. అయితే తిప్పినా కుదరదు, పలక మొత్తం మళ్లీ చేయవలసిందే. కనుక పటం గీయగానే ఒక పని చేయండి: కాగితాన్ని వెలుతురుకు ఎదురుగా పట్టి, వెనుకవైపు నుండి చూడండి. భాగాలు అమర్చేవైపు నుండి ఆ పటం ఎలా కనబడుతుందో అదే. ట్రాన్సిస్టరు చదునైన ముఖం మీవైపు, కాళ్లు కిందికి ఉండేలా పట్టుకుంటే ఎడమ నుండి కుడికి కలెక్టరు, బేసు, ఎమిటరు అని గుర్తుంచుకోండి.

చేసే విధానం

శుభ్రం చేయడం: రాగి బిందెను అమ్మ చింతపండుతో తోముతుంది కదా! చింతపండులోని ఆమ్లం రాగి మీది చిలుమును కరిగిస్తుంది. మనం కూడా పలకను చింతపండుతో రుద్ది, తరువాత సబ్బుతో కడిగి ఆరబెట్టాలి. ఆపైన రాగిని వేలితో తాకరాదు. వేలిముద్రలోని జిడ్డు ఉన్నచోట ద్రావణం సరిగా పనిచేయదు.

పటం వేయడం: పెన్సిలుతో సరిహద్దులు గీసి, ఐదు దీవులనూ మార్కరు పెన్నుతో నింపండి. ఒకసారి ఆరాక రెండవసారి పూయండి. ఇది దేనికి? బట్టల మీద అద్దకం వేసేవారు రంగు అంటకూడని చోట మైనం పూస్తారు. మన సిరా పని కూడా అదే. సిరా ఉన్నచోట రాగి బతుకుతుంది, లేనిచోట కరిగిపోతుంది. ఖాళీలలో సిరా మరక ఏమైనా పడితే సూదిమొనతో గీకివేయండి. ఒక్క వెంట్రుకంత సిరా వంతెన మిగిలినా రెండు దీవులు కలిసిపోతాయి.

ద్రావణం: ఈ మెట్టు ఉపాధ్యాయుడో, పెద్దవారో పక్కన ఉండగానే చేయాలి. తొట్టెలో 100 మిల్లీలీటర్ల నీరు పోసి, అందులో ఫెర్రిక్ క్లోరైడును కొంచెం కొంచెంగా వేసి కలపండి. నీటిలో పొడి వేయాలి, పొడి మీద నీరు పోయరాదు. కరిగేటప్పుడు వేడి పుడుతుంది, ఒక్కసారిగా పోస్తే చిందుతుంది. చల్లారాక పలకను రాగివైపు పైకి ఉండేలా మెల్లగా దించి, తొట్టెను ఉయ్యాల ఊపినట్లు ఊపుతూ ఉండండి. రాగి దగ్గర పాతబడిన ద్రావణం జరిగి కొత్తది రావడానికే ఈ ఊపు.

ద్రావణం వెచ్చగా ఉంటే చర్య వేగంగా సాగుతుంది. అలాగని పొయ్యి మీద పెట్టకండి, ఆవిరి ప్రమాదకరం. మన నంద్యాల ఎండలు ఎందుకున్నాయి? వేసవిలో తొట్టెను ఆరుబయట ఎండలో ఉంచితే ద్రావణం దానంతటదే వెచ్చబడుతుంది. అప్పుడు సుమారు 20 నుండి 30 నిమిషాలలో పని పూర్తవుతుంది. చలికాలంలో అంతకంటే ఎక్కువసేపు పడుతుంది. ఖాళీలలో రాగి మాయమై గోధుమరంగు పలక కనబడగానే వెంటనే తీసి, ఒక బకెట్టు నీళ్లలో కడగండి. ఇంకాసేపు ఉంచితే ద్రావణం సిరా కిందికి పక్కల నుండి దూరి, దీవుల అంచులను కొరుక్కు తింటుంది.

లోపల ఏమి జరిగింది?

రాగి ఆవిరి కాలేదు, మాయమూ కాలేదు. ఫెర్రిక్ క్లోరైడులోని ఇనుము రాగి నుండి ఎలక్ట్రానులు లాక్కుంటుంది. రెండు అణువుల ఫెర్రిక్ క్లోరైడు ఒక రాగి పరమాణువుతో కలిసి, రెండు అణువుల ఫెర్రస్ క్లోరైడు, ఒక అణువు క్యూప్రిక్ క్లోరైడు ఏర్పడతాయి. రాగి ఇప్పుడు అయానుల రూపంలో నీటిలో ఉన్నది.

పదవ తరగతి పిల్లల కోసం ఒక లెక్క. ఈ పలకల మీద రాగి మందం సాధారణంగా 35 మైక్రానులు, అంటే తల వెంట్రుకలో సుమారు సగం. మన పలక వైశాల్యం 20 చదరపు సెంటీమీటర్లు, కనుక రాగి ఘనపరిమాణం 20 × 0.0035 = 0.07 ఘన సెంటీమీటరు. సాంద్రత 8.96తో గుణిస్తే 0.63 గ్రాము. ఇది 0.0099 మోలు. దీనికి రెట్టింపు మోలుల ఫెర్రిక్ క్లోరైడు కావాలి. నీటి అణువులు లేని ఫెర్రిక్ క్లోరైడు మోలు భారం 162 గ్రాములు కనుక, సుమారు 3.2 గ్రాములు చాలు! మరి 40 గ్రాములు ఎందుకు వేశాం? గాఢత తగ్గేకొద్దీ చర్య మందగిస్తుంది. ఎక్కువ వేస్తే పని చురుకుగా సాగుతుంది, అదే ద్రావణాన్ని తరువాత పలకలకూ వాడుకోవచ్చు. కనుక పారబోయకుండా ప్లాస్టిక్ సీసాలో పోసి, “విషం, తాకరాదు” అని పెద్ద అక్షరాలతో చీటీ అంటించి, చిన్నపిల్లలకు అందని చోట ఉంచండి.

ఇంత పల్చని రాగి సరిపోతుందా అని మీకు సందేహం రావచ్చు. 1 మిల్లీమీటరు వెడల్పు, 10 సెంటీమీటర్ల పొడవు గల రాగి దారి నిరోధం సుమారు 0.05 ఓము మాత్రమే. మన వలయానికి అది లెక్కలోనిది కాదు.

అమర్చడం, అతకడం

సిరాను సబ్బు, పీచుతో రుద్ది తీసివేయండి. ఐదు రాగి దీవులు తళతళలాడుతూ బయటపడతాయి. కాళ్లు దిగవలసిన చోట రంధ్రాలు చేసి, భాగాలను రాగి లేని వైపు నుండి దించండి. సోల్డరింగ్ ఐరన్ కొనను కాలికీ రాగికీ ఒకేసారి ఆనించి, అవి వేడెక్కాక టంకపు తీగను తాకించండి. టంకం కరిగి కాలి చుట్టూ చిన్న గుడి గోపురంలాగా మెరుస్తూ నిలవాలి. బంతిలాగా ఉండిపోతే అతుకు సరిగా పడలేదని అర్థం. టంకంలో సీసం ఉండవచ్చు. పని అయ్యాక సబ్బుతో చేతులు కడగకుండా ఏమీ తినరాదు.

ముందుగా గ్లాసు నీటితో పరీక్షించండి. బజరు గట్టిగా మోగితే మీరు గెలిచినట్లే. ట్యాంకులో రెండు కడ్డీలను పైఅంచుకు కొద్దిగా కింద, 1 సెంటీమీటరు ఎడంగా వేలాడదీయండి. రాగి తీగలను నేరుగా నీటిలో పెట్టకండి, విద్యుద్విశ్లేషణ వల్ల ధన ధ్రువం కరిగి నీటిలో కలుస్తుంది. బజరు మోగగానే మోటారు ఆపి, నీటిమట్టం తగ్గనివ్వండి. ఈ వలయానికి బాటరీ తప్ప ఇంటి కరెంటును ఎన్నడూ కలపరాదు. నీరు, ఇంటి కరెంటు రెండూ ఒకచోట చేరితే ప్రాణాపాయం.

జాగ్రత్తలు

ఫెర్రిక్ క్లోరైడును అల్యూమినియం, ఇనుము, స్టీలు పాత్రలలో పోయకండి. అది రాగినే కాదు, వాటినీ తింటుంది. అల్యూమినియంతో చర్య చాలా తీవ్రంగా ఉంటుంది. వంటకు వాడే ఏ గిన్నెనూ, చెంచానూ దీనికి వాడరాదు. బట్టమీద పడిన పసుపు మరక పోదు, పాతబట్టలు వేసుకోండి. చర్మం మీద పడితే వెంటనే నీటితో కడగాలి. కంట్లో పడితే పావుగంటసేపు ధారగా నీరు పోసి కడిగి, తక్షణం ఆసుపత్రికి వెళ్లాలి. ఇవి కాగితం మీద రాసే మాటలు మాత్రమే అనుకోకండి.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది చెబుతాను. అది నా తప్పు నుండి నేర్చినది. చాలా ఏళ్ల కింద, మొదటిసారి ఈ ప్రయోగం చేసిన రోజున, పనైపోయిన ద్రావణాన్ని ఏమి చేయాలో ఆలోచించలేదు. నీళ్లు కలిపి పెరట్లో ఒక మూల పోశాను. ఆ మూలన మల్లెచెట్టు ఉండేది. వారం తిరగకుండా ఆకులు మాడాయి, తరువాత చెట్టు ఎండిపోయింది. మళ్లీ అక్కడ నాటిన మొక్క కూడా బతకలేదు. రాగి కొద్దిగా ఉంటే మొక్కకు ఆహారం, ఎక్కువైతే విషం. నేలలో చేరితే అది ఎక్కడికీ పోదు. కాలువలో పోస్తే ఇంకా చెడ్డది. మన ఊరి మురుగునీరు చివరకు కుందూ నదిలో కలుస్తుంది. రాగి అయానులు చేపలకు, నీటిలోని చిన్న జీవులకు ప్రాణాంతకం. కుందూ నీళ్లు పెన్నలో కలుస్తాయి. మన పెరటి మూల చేసిన తప్పు ఎంత దూరం ప్రయాణిస్తుందో చూడండి!

మరి ఏమి చేయాలి? దీనికీ రసాయన శాస్త్రమే దారి చూపుతుంది. ద్రావణం ఇక పనికిరానప్పుడు, దాన్ని పెద్ద ప్లాస్టిక్ బకెట్టులో పోసి, నీళ్లు కలిపి, తుప్పులేని ఇనుప మేకులు గాని, పాత్రలు తోమే ఇనుప పీచు గాని వేసి ఒకటి రెండు రోజులు ఉంచండి. ఇనుము రాగి కంటే చురుకైన లోహం. అది ద్రావణంలోకి దిగి, రాగిని బయటికి తోస్తుంది. మేకుల మీద ఎర్రని పొర కట్టడం మీ కళ్లారా చూడవచ్చు. మీ పాఠంలోని స్థానభ్రంశ చర్య ఇదే. తరువాత చాకలిసోడాను కొంచెం కొంచెంగా కలపండి. బుసబుస పొంగుతుంది, అందుకే పెద్ద బకెట్టు. పొంగు ఆగి, ఎర్ర లిట్మస్ కాగితం నీలంగా మారేవరకు వేయాలి. అప్పుడు మిగిలిన రాగి, ఇనుము బురదలాగా అడుగుకు దిగుతాయి. రెండు రోజులు కదల్చకుండా ఉంచి, పైన తేరిన నీటిని మీ ఉపాధ్యాయుని సలహాతో పారబోయండి. అది మహానంది కోనేటి నీరులాగా తేటగా కనబడినా తాగడానికి గాని, పశువులకు గాని, మొక్కలకు గాని పనికిరాదు. అడుగు బురదను ఎండబెట్టి, సిమెంటులో కలిపి ముద్ద చేసి గట్టిపడనివ్వండి. అలా బంధించిన రాగి నేలలోకి సులభంగా దిగదు.

ఈ పనికి ఫలకం చేసినంత శ్రమ ఉంటుంది. ఆ శ్రమ పడలేనివారు ఫలకం చేయకపోవడమే మేలు. నీరు వృథా కాకూడదని వలయం చేసి, అదే నీటిని విషం చేస్తే మన ప్రయోగానికి అర్థమేమిటి?

మళ్లీ ఆళ్లగడ్డకు వద్దాం. శిల్పికి ఒక కష్టం ఉన్నది. ఉలి జారి విగ్రహం ముక్కు విరిగితే, ఆ రాయిని మళ్లీ అతికించలేడు. అందుకే ప్రతి దెబ్బకు ముందు చూసి, ఆలోచించి కొడతాడు. మనకు అంత కష్టం లేదు, రాగి దారి తెగితే ఒక చిన్న తీగ ముక్కతో అతకవచ్చు. అయినా శిల్పి అలవాటునే మనమూ చేసుకుందాం. తీసివేసే ముందు రెండుసార్లు చూడండి. తీసివేసినది ఎక్కడికి పోతుందో కూడా చూడండి.

ఆలోచించండి, చేసి చూడండి

1. కూడళ్లు ఐదుకు బదులు ఆరు ఉంటే పటం ఎలా గీస్తారు? బజరుతో పాటు ఒక ఎల్.ఇ.డి. దీపం, దానికి ఒక రెసిస్టరు చేర్చి ప్రయత్నించండి.
2. మీ ఊరి బోరు నీరు, కాలువ నీరు, వాన నీరు మూడు గ్లాసులలో తీసుకొని కడ్డీలు ముంచండి. బజరు దేనిలో గట్టిగా మోగింది? ఎందుకు?
3. 35 మైక్రానులకు బదులు 70 మైక్రానుల రాగి పలక వాడితే, ఎంత ఫెర్రిక్ క్లోరైడు అవసరమవుతుంది? దీవుల అంచులు ఎలా ఉంటాయి?
4. ఇనుప మేకులకు బదులు వెండి ముక్క వేస్తే రాగి బయటికి వస్తుందా? చర్యాశీలత క్రమాన్ని చూసి సమాధానం చెప్పండి.